ఎర్ర బంతుల టోపీ

గుటాఖ్ లోయలోని సత్రంలో, నిరుడు ఊరి పండగనాడు నాట్యమాడినవాళ్ళందరినీ గీసిన పటం ముందు ముసలామె నిలబడింది. ఆమె ఏమంటుందోనని చిత్రకారుడికి బెంగగా ఉంది.

"మధ్యలో ఆడుతున్నది మా అమ్మాయి సలోమీయే కదా, బాబూ?"

"అవునమ్మా. పోలిక కుదిరిందా?"

"మొహం అచ్చం అదే. టోపీ మీద ఎర్ర ఊలు బంతులేమిటి? పెళ్ళయినవాళ్ళకి నల్లవి కదా, దాన్ని కన్నెపిల్లను చేశావు. ఊరు నవ్వుతుంది."

"నల్లవైతే చెట్ల నీడలో కలిసిపోతాయని మార్చాను. తప్పే. ఇప్పుడే దిద్దేస్తా. తననీ తీసుకురావాల్సింది."

"పురిట్లో పోయింది బాబూ. బిడ్డా దక్కలేదు."

నల్లరంగులో ముంచిన కుంచె అతని చేతిలోనే ఆగిపోయింది.

"నాకు తెలీదమ్మా."

ఆమె అతని కుంచెను పక్కకు నెట్టింది.

"దిద్దకు. ఎర్రగానే ఉండనీ. ఇందులో దాన్ని నేనింకా ఎవరికీ ఇవ్వలేదు."