సుంకన్న బావిలో నీలి ముళ్ళగోరింట

గుట్ట వెనకాల సుంకన్న బావి ఉండాదే, మెట్ల బావి, దాని దిక్కు మన ఊరోళ్లెవరూ పోరు. ఎందుకు పోరని ఈరమ్మ పొద్దున అడిగింది గదా, చెప్తా, కూర్చోండి. దోమలు తోలుకుంటా వినండి.

ఆ బావిలో నీళ్లు మా నాయన కాలానికే ఎండిపోయినాయి. ఆరో మెట్టు పక్కన, గోడ సందులో ఒక చెట్టుంటాది, నీలి ముళ్ళగోరింట. పసుపుపచ్చ పూలది మీరు కంచెల్లో చూసింటారు, ఇది అది కాదు. దీని పువ్వు నీలం, ముల్లు సూదే. ఒకప్పుడు గుట్టంతా అదేనంట. కోరింత దగ్గుకు దాని ఆకు రసం పిండి బిడ్డలకు పోసేవాళ్లు, ఇప్పటి మాదిరి అప్పుడు ఆస్పత్రులేడివి? అయితే మద్దిలేటి అని ఒకడు, వేర్లు అమ్ముకునేవాడు, గుట్టంతా తవ్వి సంచులకు సంచులు పట్నానికి తోలినాడు. మూడేండ్లకు గుట్ట బోసిపోయింది. ఆఖరికి ఆ బావిలో చెట్టు మిగిలింటే దానికోసం దిగినాడు, దిగినోడు మళ్లీ కనపడలేదు. ఏ ఊరికో పోయింటాడులే అనుకున్నారు జనం.

ఆ తర్వాత ఏడేండ్లకు ఊళ్లోకి కోరింత దగ్గు వచ్చింది. మా చిన్నమ్మ ఓబుళక్క మందాకులు తెలిసిన మనిషి. ఆకు తుంచాలే గాని వేరు ముట్టగూడదు అనేది ఎప్పుడూ. ఇంకో తొమ్మిది ఇండ్లల్లో బిడ్డలు పడుకోనుండారు, ఆయమ్మ కూతురికే దగ్గి దగ్గి ఊపిరాడడం ల్యా. ఇంకేం చేస్తాది? మిట్టమధ్యాన్నం బావిలో దిగింది, కొంగు నిండా ఆకు తుంచింది. లేచి తిరుక్కునేటప్పుడు కింద నుంచి ఎవరో, "ఓబుళక్కా, ఈ ముల్లు రవ్వంత తీసిపెట్టు" అన్నారంట.

మద్దిలేటి. అదే పంచె, ఒళ్లంతా ముళ్లు, చెట్టు కింద ముడుచుకొని కూర్చోనుండాడు. ఏడేండ్లు ఎట్లా బతికినాడని ఆయమ్మకు తట్టనే లేదు, అయ్యో పాపం అనుకుంది, వాని భుజంలో ముల్లు ఒకటి తీసింది, మోచేతిలోది ఇంకొకటి తీసింది. తీసి, ఇంక పోదామని చెయ్యెత్తితే చెయ్యి రాలేదు. వాని భుజంలో ముల్లు ఈయమ్మ భుజంలో ఉండాది, మోచేతిది మోచేతిలో ఉండాది. ముల్లు జుట్టు పట్టుకుంది, చీర పట్టుకుంది, పెనుగులాడే కొద్దీ కొమ్మలు దగ్గరికి వచ్చినాయి. అరిస్తే ఎవరికి వినపడతాది ఆ గుంతలో?

మద్దిలేటి మెల్లగా చెప్పినాడంట, పెనుగులాడొద్దక్కా, నేనూ అట్లే చేసినా, నీ ఎడమచేతి కాడ వేరుండాది, నాకు అందదు, నువ్వు ఒక్క గుంజు గుంజితే ఇద్దరం బయటపడతాం అని. నిజమే, వేరు చేతికి తగిలింది. మట్టి వదులుగానే ఉండాది. ఆయమ్మ దాన్ని పట్టుకుంది. పట్టుకొని, మళ్లీ వదిలేసింది. వాడు ఏడ్చినాడు, కాళ్లు పట్టుకున్నాడు, ఆయమ్మ మాత్రం వేరు ముట్టలేదు.

పొద్దు వాలినాక మొగుడు తిరుపాలు వెతుక్కుంటా వచ్చి పైనుంచి పిలిచినాడు. మెట్టు మీద కాలు పెట్టొద్దని ఆపి, ఆయమ్మ జరిగిందంతా చెప్పింది. ఇప్పుడు నేను చెప్పిందంతా ఆయన నోట విన్నదే. గొడ్డలి తెచ్చి చెట్టు నరికేస్తా అన్నాడాయన.

"నరికితే మళ్లీ దగ్గు వచ్చినప్పుడు ఏం పోస్తావు? ముందు పాపకు ఆకు పిండుపో. అందరి ఇండ్లకూ పంచు" అని పంటితో కొంగు చించి, ఎడమచేత్తోనే మూట కట్టి పైకి విసిరింది.

ఆయన ఏం చేయాల చెప్పండి? కింద పెండ్లాం, ఇంట్లో ఊపిరాడని బిడ్డ. మూట తీసుకొని పరిగెత్తినాడు. ఆకు పంచినాడు, పది మంది బిడ్డలూ తేరుకున్నారు. తెల్లారి తాళ్లు, గొడ్డళ్లు పట్టుకొని జనం పోతే బావిలో ఎవరూ లేరు. మద్దిలేటీ లేడు, ఓబుళక్కా లేదు. చెట్టుండాది, ముళ్లకు చీరపేలిక ఉండాది. నరకడానికి గొడ్డలి ఎత్తినోని చెయ్యి తిరుపాలే పట్టుకున్నాడు. జనం వెనక్కొచ్చేసినారు, ఆయన మాత్రం గట్టు మీదే కూర్చొని పేరు పెట్టి పిలుస్తా ఉన్నాడు. మధ్యాన్నానికి లోపల్నుంచి పలికిందంట.

"పాప ఎట్లుండాది?"

"గంజి తాగింది" అన్నాడు.

అంతే, మళ్లీ ఆయమ్మ పలకలేదు.

ఇప్పుడు దగ్గుకు ఆస్పత్రిలో మందుండాది, ఆకుతో మీకేం పని లేదు. ఆ దిక్కు పోవద్దు. మేక దిగితే మేకను వదులుకోండి. ఇంక లేయండి, సంగటి చల్లారిపోతాంది.