చామంతికి చీకటి

సరోజమ్మ చాయ్ బండి కాడ ఎవరు కూసున్నా చాయ్ తాగి లేస్తరు. పరమేష్ కూసుంటే మాత్రం చాయ్ చల్లారుతది, మాట మసులుతది. కరెంటు పనిల వానికి ఎంత నేర్పున్నదో దేవునికెరుక గని, కోతలు కొయ్యట్ల మాత్రం మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాక వానికి సాటి లేడు. రైతు హన్మయ్య బోరు మోటరుకు వైర్లు తారుమారు కలిపి ఉల్టా తిప్పించింది వాడే. అది జరిగి ఆరేండ్లాయె. హన్మయ్య మరువలే. ఏదన్నా మరుస్తే ఆయన హన్మయ్య ఎట్లయితడు?

ఆ సాయంత్రం ఆయన వచ్చింది ట్రాక్టర్ జానీ కోసం. అరెకరం చామంతి దున్నించాలె. చేను ఆ కొస మంచిగ పూసింది. ఈ కొస, ఫామ్‌హౌస్ గోడ పక్కది, నడుము దాక పెరిగింది గని దసరా పోయినా, దీపావళి పోయినా ఒక్క మొగ్గ ఎయ్యలే. నారు అమ్మిన వరప్రసాద్ రోగం నారు అంటగట్టిండని తీర్మానం చేసి, వానితోని మాటలు బంద్ పెట్టిండు. అయినా చేతులార పెంచిన చెట్లు. గ్లాసు ఆ చేతిలకెల్లి ఈ చేతిలకు మార్చి మార్చి, ఆఖరుకు అన్నడు.

"పొద్దుగాల రా బిడ్డా. దున్నేద్దాం."

జానీ తలకాయ ఊపిండు. "సరే బాపు."

ఎదురు బల్ల మీదికెల్లి పరమేష్ గొంతు లేచింది. "కాక చేను పక్క ఫామ్‌హౌస్ ఉన్నది గదా, శ్రావణంల దానికి లైట్లు పెట్టింది ఎవరనుకున్నరు? నేనే. సారుకు ఎటూ తేలుతలేదు. పాత బల్బులే ఉంచాల్నా, ఎల్‌ఈడీలు పెట్టాల్నా? పట్నంకెల్లి ఒక ఇంజనీరొచ్చి పాతవే అందం అన్నడు. నేనొక్కటే మాట చెప్పిన. సారూ, వరండల పాత గుండు బల్బులు ఉంచు, ఇంటికి కళ. బయట మాత్రం ఎల్‌ఈడీ పెట్టు, కరెంటు తక్కువ తింటది, వానకు పల్గది. ఇంజనీరు వచ్చిన బండిలనే పట్నం మర్లిండు."

"గింతేనా?" అన్నది సరోజమ్మ, చాయ్ వడపోసుకుంట.

గా మాట అనకుండా ఉండాల్సింది. పరమేష్ బల్ల మీద కాళ్లు ముడుసుకొని కూసున్నడు.

"గింతేనా అంటవేందక్కా! ఎనిమిది లైట్లు, ఒక్కొక్కటి బర్రె తలకాయంత! లోపల పెండ్లిండ్లయితయి, చుట్టాల కండ్లల్ల కొట్టొద్దని మూతులన్నీ తూర్పు గోడ మీదికెల్లి బయటికి తిప్పిన. సందెకాడ బటన్ ఒత్తిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? కనకమామిడి ఊరి కోళ్లన్నీ ఒక్కసారే కూసినయి! బర్రెలు తెల్లారిందనుకొని రెండోమాటు పాలిచ్చినయి! కొండకల్ దిక్కు ఫ్యాక్టరీల రాత్రి డ్యూటీకి పోయెటోళ్లు సగం తొవ్వల టైమైపోయిందని మర్లి ఇంటికి పోయిండ్రు!"

"జీతం కోసిండ్రా?" అన్నడు జానీ.

"కోసుడా? ఓవర్‌టైం ఇచ్చిండ్రు! ఇంకా విను. శంషాబాద్ పోయే ఇమానం రన్‌వే ఇదే అనుకొని గోడ మీదికి దిగుతున్నది. పైలెట్ కిటికీల తల పెట్టి, అన్నా, జర డిమ్ము కొట్టవా, అని బతిమాలిండు. పున్నమి నాడు సంద్రుడొచ్చిండు, నా లైట్లు చూసిండు, నాకిక్కడేం పని అని సిగ్గుతోని మబ్బుల సాటుకు పోయిండు. సందెల ముట్టిస్తే తెల్లారెదాక ఆరేదే లేదు. మూడు నెలల సంది ఆ గోడ అవతల రాత్రనేదే లేదు కాకా, రాత్రనేదే లేదు!"

హన్మయ్య చేతిల గ్లాసు ఆగింది.

ఆయన ఇల్లు చేనుకు రెండు కిలోమీటర్లు. పొద్దుండంగనే ఇల్లు చేరుతడు. రాత్రి ఆ గోడ కాడ ఏమైతదో ఎన్నడు చూసిండు? కోడలు రేణుక కూలికి పోయే ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్‌ల, చామంతి పువ్వు ఆలస్యం చెయ్యనీకి రాత్రిపూట చెట్ల మీద బల్బులు ఏలాడదీస్తరని చెప్పంగ ఎన్నిసార్లు విన్నడో. చామంతికి చీకటి గావాలె. చీకటి నిండ దొరికితేనే మొగ్గ ఏస్తది. నిరుడు ఆ ఫామ్‌హౌస్‌కు గేటు కాడ రెండు పాత బల్బులే ఉండె, అవి గేటునే చూస్తుండె. నిరుడు చేను ఈ కొసదాక పూసింది.

"పరమేషూ," అన్నడు మెల్లగ. "ఏ గోడన్నవ్?"

"తూర్పు గోడ."

"తూర్పు గోడ అవతల ఏమున్నది?"

పరమేష్ బల్ల మీదికెల్లి కాళ్లు కిందికి దించిండు.

"నా చామంతి ఉన్నది. మూడు నెలల సంది దానికి రాత్రి లేకుంట చేసిన మొనగాడివి నువ్వేనాయె. రోగం గాదు, పాడు గాదు, దానికి నిద్ర లేదు. అందుకే మొగ్గ లేదు."

"అబ్బే, ఎనిమిది గాదు కాకా... నాలుగు."

"ఊఁ."

"అండ్ల రెండు ఉత్తగనే ఉన్నయి, ఎలుగవు. ఇమానమంటే... శానా పైకెల్లి పోయింది. కోడి ఒక్కటే కూసింది, అది మా ఇంటిదే."

సరోజమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. "ఇమానం దించినోడివి, రెండు లైట్లకు దిగినవేంది తమ్మీ?"

"చామంతికి రెండు చాలు," అన్నడు హన్మయ్య. "పాలీహౌస్‌ల పెట్టేవి ఇంకా గుడ్డి బల్బులు."

ఆయన గుండెల మీదికెల్లి బండ దిగినట్టయింది. చెట్లు మంచివే. చీకటిస్తే కొత్త సంవత్సరానికి పూస్తయి. చల్లారిన చాయ్ ఒక్క గుటకల తాగిండు, తియ్యగ ఉన్నది. ఒక్కటే కష్టం, వరప్రసాద్‌తోని మళ్ల మాట్లాడాలె. ఊకె పారేయ మనసొప్పక, వాని మీది కోపాన్ని తీసి పరమేష్ మీది మోటరు కోపం పక్కన పెట్టుకున్నడు.

"సారుకు నేను చెప్త కాకా," పరమేష్ గొంతు సన్నబడ్డది. "మూతులు కిందికి తిప్పుత. రేపో ఎల్లుండో..."

జానీ లేసి తాళంచెవి తీసిండు. "అయితే బాపు, పొద్దుగాల ట్రాక్టర్ తేవద్దా?"

"తే, పొద్దుగాల గాదు, ఇప్పుడే," అన్నడు హన్మయ్య. "నాగలి ఇడిసిపెట్టి నిచ్చెన ఏసుకొని రా. పోదాం పా, ఇంకా చీకటి పడలే. పరమేష్ ఎక్కుతడు."