కొలత రాయని ఫోటో

2007 ఆగస్టు, బాపట్ల. రేపల్లెలోని ఓ నర్సింగు స్కూలుకి వెబ్‌పేజీ తయారుచేసిన జార్జి గదిలో, తెనాలి నుంచి మొదటి బస్సుకి వచ్చిన శకుంతల కూచుని ఉంది.

“పేజీ కదల్లేదంటావు. మరి సీటొచ్చిన మా అమ్మాయి ‘చేరుతాను’ నొక్కితే ‘వద్దు’ ఎలా పడింది బాబూ?”

“చెయ్యి జారుంటుందమ్మా. మౌసు అలవాటు లేని పిల్లలకి...”

“మా శరణ్య ఏడాదిగా నెట్‌సెంటర్లో టైపు నేర్చుకుంటోంది. ముందు అక్షరాలొచ్చాయంట. నొక్కబోతుంటే పైన స్కూలు పెట్టినాయన ఫోటో దిగి, అన్నిటినీ కిందకి నెట్టేసిందంట. ‘చేరుతాను’ ఉన్న చోటికి దాని పైనున్న ‘వద్దు’ వచ్చేసింది. ఒకసారి నొక్కాక మార్చుకునే వీలు కూడా పెట్టలేదు మీరు.”

“ఇదిగో, తెరుస్తున్నా, మీరే చూడండి. ఫోటో వచ్చింది. ఏమన్నా కదిలిందా?”

“లేదు.”

“చూశారుగా.”

“నిన్న అదీ చూసింది. నాలుగుసార్లు. కదల్లేదు. అప్పట్నించీ తప్పు తన చేతిదేనని అన్నం ముట్టట్లేదు. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానికేసే చూస్తా కూచుంటోంది. నాకు భయమేస్తోంది బాబూ.”

“టీ తెప్పించనాండి?”

“వద్దు. మా వీధిలో పాండురంగారావు గారని కంప్యూటర్ మేస్టారున్నారు. ఫోటో ఎంత ఎత్తో పేజీలో ముందే రాసిపెడితే, దానికి చోటు వదిలేస్తుందంట, ఇంకేదీ కదలదంట. ఆ కొలత నువ్వెప్పుడు రాశావు?”

“మొదట్నించీ ఉందండి.”

“మొదట్నించీనా?”

“అంటే... తర్వాత. పద్దెనిమిదో తారీఖున.”

“మా అమ్మాయి నొక్కింది పదిహేడున.”

“అవునండి.”

“అయితే ఆ ముక్క కాగితం మీద రాసివ్వు.”

“రాసినా సీటు రాదమ్మా. మర్నాడే ఇంకొకళ్లకి ఇచ్చేశారు. లిస్టు మూసేశారు. నా పని పోతుంది, అంతే.”

“సీటు సంగతి వదిలెయ్. కాగితమూ వద్దు. ఒక్కసారి మా ఇంటికి రా. నీ చెయ్యి జారలేదమ్మా, తప్పు నాది అని దాని మొహం మీద చెప్పు. నేను చెప్తే నమ్మట్లేదు.”

“నాకూ తెలీదండి అప్పటికి. పద్దెనిమిదిన ఎవరో ఫోన్ చేస్తేనే తెలిసింది. వెంటనే సరిచేశాను.”

“తెలీదనే చెప్పు. నీ మీద నాకేం కోపం లేదు. తెలియక ఎవరైనా చేస్తారు.”

“చూస్తానండి. వీలు చూసుకుని...”

“మీ చెల్లెలు జెన్నిఫర్ కూడా అక్కడే చేరిందంటగా. కింద షాపాయన చెప్పాడు.”

“అవునండి.”

“తనెప్పుడు నొక్కింది?”

“పదహారున.”

“పదహారుకి కొలత రాయలేదుగా ఇంకా. మరి తన చెయ్యెందుకు జారలేదు?”

“అది...”

“చెప్పు బాబూ.”

“ఫోటో పూర్తిగా దిగేదాకా నొక్కొద్దని, ముందే మా చెల్లికి చెప్పానండి.”