దూలానికి వేలాడిన తెడ్డు

అచ్చియ్యమ్మ అని ఒకామె ఉండేదంట, ఏటి అవతల చెరకు పండే ఊళ్ళో. మొగుడు రామినాయుడు బండ్లు కట్టుకుని సంతలు తిరిగేవాడు, బెల్లం అమ్ముకొచ్చేవాడు. బెల్లం పాక మాత్రం ఆమెదే. గానుగ ఆమె మాట మీదే తిరగాలి, పొయ్యి ఆమె మాట మీదే మండాలి. మనిషి మంచిదే గానీ మాట కత్తి అనుకో. అత్తగారి నాటి నుంచి ఆ పాకకి ఒక కట్టుబాటు ఉండేదంట. ఏమంటే, పొయ్యి రాజేసిన దగ్గర్నుంచి ఆఖరి చెరకు గడ ఆడేదాకా ఎవరూ పని వదిలి పోకూడదు. పోయాడా, ఇంక వాడి చోటు ఇంకొకడిది. మళ్ళీ ఏడు వచ్చి గుమ్మంలో నిలబడితే మంచినీళ్ళిస్తారు గానీ పని ఇవ్వరు. ఎందుకలాగ అంటారా, కోసిన చెరకు ఆగదు కదయ్యా. ఆలస్యమైతే పులిసిపోద్ది. అందుకని పెట్టారు. ఏ కట్టుబాటుకైనా పెట్టిననాడు ఒక న్యాయం ఉంటాది. ఆ న్యాయం ఎప్పుడు చచ్చిపోయిందో కనిపెట్టడమే కష్టం.

ఆ పాకలో పెనం దగ్గర దాలయ్య ఉండేవాడంట. అత్తగారు బతికున్ననాటి మనిషి. అచ్చియ్యమ్మ కూడా ఆయన్ని అన్నా అనే పిలిచేది. దాలయ్య పాకాన్ని కంటితో చూసేవాడు కాదు, ముక్కుతో చూసేవాడు. పాకం కంటికి అబద్ధం చెప్తాది గానీ ముక్కుకి చెప్పలేదు అనేవాడంట. వాసన కుదిరిందనుకున్నాక తెడ్డుతో కాస్త తీసి నీళ్ళల్లో వేసి, ఉండ చేసి, తను ఒక కొస కొరికి పక్కవాడికి ఇచ్చేవాడు. పక్కవాడు కొరికి ఆ పక్కవాడికి. గానుగ తోలేవాడు, పొయ్యి ఎగదోసేవాడు, చెరకు పిప్పి ఎండబెట్టే ముసలి గవరమ్మ, చివరాఖరికి అచ్చియ్యమ్మ. అందరూ ఒక్క ఉండే కొరకాలి. కొరికితే ఒకరి మీద ఒకరికి కడుపులో ఏమీ లేదని అర్థం. కొరకనన్నవాడు పగ పెట్టుకున్నట్టే. గవరమ్మకి పళ్ళు లేవు కదా, ఆవిడ చప్పరించి ఇచ్చేదంట. అచ్చియ్యమ్మ అదే నోట్లో వేసుకునేది, అంత ఐకమత్యం అనుకో.

ఆ ఏడు ఏమైందంటే, ఎగువ ఊళ్ళ నుంచి దగ్గుజ్వరం దిగింది. ఒకరి ఊపిరి ఒకరికి తగిలితే చాలంట. కోసిన చెరకు పాక ముందర కుప్ప పడి ఉంది, పొలంలో ఇంకా నిలబడే ఉంది. పాక మూసేద్దామా అని రామినాయుడు అంటే, మూయను, జాగ్రత్తగా నడుపుతాను అందంట. అందరినీ వాకిట్లో ఎడంగా నిలబెట్టింది. చేతులు కడుక్కునేందుకు గాబు నిండా నీళ్ళు పెట్టించింది, మూతికి గుడ్డ కట్టుకోమంది, ఒళ్ళు వెచ్చబడినా, దగ్గొచ్చినా ఇంట్లోనే ఉండమంది. అందరూ తలలూపారు. తల ఊపడానికి ఏం ఖర్చు? (ఆ వెనకాల దగ్గిందెవరు? సరే, వినండి.) అన్నీ చెప్పింది గానీ ఉండ మాట చెప్పలేదు. ఆమెకి తట్టలేదు. అది ఆచారం కదా, ఆచారానికి జబ్బు అంటుకుంటాదని ఎవరనుకుంటారు? గుడ్డ కిందకి లాగి ఉండ కొరికి, మళ్ళీ గుడ్డ పైకి లాగేవారంట.

అలా జరుగుతుండగా ఒకనాడు పొద్దున పెనం మాడిపోయింది. దాలయ్య చేతిలో పెనం మాడడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పాకంతా కమురు వాసన. గానుగ దగ్గర ఎద్దులు కూడా తలలు తిప్పేసుకున్నాయంట. అందరూ ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తారు. దాలయ్య ఒక్కడూ తెడ్డు తిప్పుతూ అక్కడే నిలబడి ఉన్నాడు, ఏమీ ఎరగనట్టు. అచ్చియ్యమ్మ తిట్టడానికే వచ్చింది. వచ్చి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. అన్నా, నీకు వాసన తెలుస్తోందా అని అడిగింది. మంట ఎక్కువైందమ్మా అన్నాడు. నేనడిగింది అది కాదు అంది. అప్పుడు ఆయన తెడ్డు కింద పెట్టి, మొన్నట్నుంచి తెలీడం లేదు, లోపల జ్వరం ఉంది అన్నాడంట. మరి ఇంట్లో ఉండమన్నాను కదా, ఎందుకొచ్చావు అంటే ఏమన్నాడో చూడండి.

"నువ్వేమో ఉండమన్నావు. మీ అత్తేమో ఉంటే చోటు పోద్దంది. రెండు మాటల్లో నేను పాతదాన్ని నమ్మానమ్మా."

 ఆయన కొరికిన ఉండ ఆ మూడు రోజులూ అందరి నోళ్ళూ తిరిగిందని అచ్చియ్యమ్మకి అప్పుడు తట్టింది. ఆమె తలతిప్పి గవరమ్మ వైపు చూసింది. గవరమ్మ పిప్పి మీద కూర్చుని, మూతిగుడ్డ కింద దగ్గు మింగుకుంటోంది. ఆ వారం తిరక్కుండానే గవరమ్మ పోయింది. పోయేముందు కోడలితో, నేను దగ్గానని అచ్చియ్యమ్మతో చెప్పకే, వచ్చే ఏడు నీకు నా చోటు ఇవ్వదు అందంట. ఆ మాట కోడలు ఏడుస్తూ ఈమెకే చెప్పింది. జ్వరం ఎగువ నుంచి వచ్చింది, కానీ దానికి దారి వేసింది నా కట్టుబాటే అనుకుంది అచ్చియ్యమ్మ. అనుకుని ఊరుకుంటే కథ లేదు.

మర్నాడు మిగిలినవాళ్ళందరినీ పిలిచింది. ఈసారి మాటలు చెప్పలేదు. మాటకి విలువ పోయిందని ఆమెకి తెలిసిపోయింది. దాలయ్య తెడ్డు తీసుకుని, కడిగి, పసుపుతాడు కట్టి, పెనం మీది దూలానికి వేలాడదీసింది. ఆ పాకలో ఒకరి చోటు పోతే ముందు వాళ్ళ తెడ్డో కర్రో ఇంకొకరి చేతిలో పెట్టేవారు, అదీ గుర్తు. "ఈ తెడ్డు దాలయ్యన్నే వచ్చి దింపాలి. వేరే చెయ్యి పడితే అది నా చెయ్యైనా నరకండి," అందంట. ఇంక ఉండ కొరుకుడు లేదు అంది. పని చేసినవారికీ కూలి గింజలే, జ్వరంతో పడుకున్నవారికీ అవే గింజలు అంది. తనే ఒక కలిపే కర్ర పట్టుకుని పెనం దగ్గర నిలబడింది. ఆమె పాకం ఒకనాడు జావ, ఒకనాడు రాయి. రామినాయుడు సంత నుంచి వచ్చి, ఈ బెల్లం చూసి చీమలు కూడా దండం పెట్టి పోతున్నాయే, ఆ తెడ్డు ఇంకొకడికి ఇవ్వరాదా అన్నాడంట. ఇవ్వను అంది. పడుకున్నవాళ్ళకి గింజలేంటే, మునిగిపోతాం అన్నాడు. మునిగితే ఈదుదాం, గవరమ్మకి ఈదే దారి కూడా దొరకలేదు అంది. 

రోజూ పనికొచ్చేవాళ్ళు ముందు దూలం వైపు చూసేవారంట. తెడ్డు ఉందా? ఉంది. అప్పుడు గానుగ తోలేవాడు మెల్లిగా వచ్చి, అమ్మా, నాకూ రాత్రి ఒళ్ళు కాలింది అన్నాడు. ఇంటికి పో అంది, వాడి ములుగర్ర తీసి తెడ్డు పక్కనే కట్టింది. అలా ఒక్కొక్కటే దూలానికి ఎక్కాయి.

ఇంక ఆఖరి కుప్ప చెరకు మిగిలింది. అది ఆడేస్తే ఏడు గట్టెక్కినట్టే. పెనం పొంగుతోంది. అచ్చియ్యమ్మ వంగి వాసన చూసింది. ఏమీ లేదు. గుమ్మం దగ్గర నిమ్మాకు తుంచి నలిపి చూసింది. ఏమీ లేదు. దగ్గు లేదు, జ్వరం లేదు. ఎవరికీ తెలీదు. నోరు మూసుకుని ఇంకొంచెంసేపు నిలబడితే చెరకు దక్కుద్ది. అటు కుప్ప వైపు చూసింది, ఇటు దూలం వైపు చూసింది. చూసి కర్ర పెనంలోంచి బయటికి తీసింది. "నాకు వాసన తెలీడం లేదు. పొయ్యి ఆర్పేసి దూరంగా పొండి," అని, తన కర్ర కూడా దూలానికి కట్టి, గట్టు మీద ఒక్కతే ఇంటికి నడిచిపోయిందంట. ఆ చెరకు కుప్ప అక్కడే పులిసింది. ఆ పులుపు వాసన ఊరంతా పట్టింది, ఆమెకి తప్ప.

తరవాత ఊళ్ళో జ్వరం తగ్గిపోయింది. దాలయ్య చిక్కిపోయి వచ్చి, తన తెడ్డు తనే దింపుకున్నాడు. మళ్ళీ ఏడు కొత్త చెరకుతో పెనం పెట్టారు, పాకం కుదిరింది, ఉండ చేశాడు. చేసి, పాత అలవాటున నోటి దాకా తెచ్చి ఆగి, అచ్చియ్యమ్మ వైపు చూశాడంట. ఆమె అప్పటికే వరసగా ఆకులు పరిచి ఉంచింది. ఎవరి ముక్క వాళ్ళ ఆకులో. అందరికీ అయ్యాక ఒక ఆకు మిగిలింది. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. గవరమ్మ కోడలు అత్త చోటులో, పిప్పి దగ్గర తన ఆకు పట్టుకుని నిలబడి ఉంది, దాలయ్య ఆ ఆకులోనూ ఒక ముక్క పెట్టాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో బెల్లం వండితే ఒక ఆకు ఎక్కువ వేస్తారు. కుర్రకారుని అడిగితే అగ్నిదేవుడికి అంటారు. ఆయనకి ఆకెందుకయ్యా, తినేలోపు కాలిపోద్ది. మీలోనూ పది మంది చేత పని చేయించేవాళ్ళున్నారు, అందుకు చెప్తున్నాను. జ్వరమొస్తే చెప్పండర్రా అనడం తేలిక. ముందు చెప్పినవాడి తెడ్డు ఎక్కడుందో మిగతావాళ్ళు చూస్తారు, ఆ తరవాతే నోరు తెరుస్తారు. అదీ కథ. ఇదిగో, వెనకాల ఇందాకట్నుంచి దగ్గు మింగుతున్న నాయనా, నువ్వు ఇంటికెళ్ళి పడుకో. రేపటి కథకి నీ చోటులో ఎవరినీ కూర్చోనివ్వను.