గోలీకి గుడ్డ

(ఒమాన్ దేశం, బర్కాలో ఒక ఖర్జూర తోట. వంటింటి గడపలో వంటమనిషి కనకవ్వ, బయట తోటపని చేసే భూమేశ్. తోట యజమానిని ఇద్దరూ 'అర్బాబు' అంటారు. ఇద్దరిదీ జగిత్యాల దిక్కు ఒకే ఊరు.)

"థూ, ఆ గుడ్డపేలిక నోట్ల పెట్టుకున్నవేందిరా భూమేశూ?"

"తడువాలె చిన్నమ్మా. ఎండు గుడ్డయితే తుపాకి గొట్టంల దిగది. అర్బాబు గొర్రె కొవ్వు రాయిమన్నడు గని, ఆ వాసనకు వాంతికొచ్చింది. నీ కాడ పల్చటి గుడ్డ ఉన్నదా?"

"అది అర్బాబు తాతల నాటి తుపాకి. ఆయననే నింపుకోరాదు?"

"తుపాకి మందు ఆయననే పోస్తడు. ఎంగిలంటే ఆయనకు చీదర. గోలీకి గుడ్డ చుట్టి, మూతిలకెళ్ళి కట్టెతోని దిగగొట్టుడు నా పని."

"నీకైతే లేదు చీదర. పొద్దున ఆ కుక్కకు రొట్టె తుంచి పెట్టినవు. ఆ చేతులతోనే దానికి గోలీ చుట్టవడితివి."

"పల్చటిది ఉన్నదా లేదా చెప్పు."

"అదేం పాపం చేసిందిరా?"

"మొరిగింది. ఆయన చుట్టాల పిల్లలు జడుసుకున్నరట. అందుకే చుట్టాల ముంగటనే కాలుస్తడట, చాయ్ తాగినంక."

"ఆ చాయ్ నేనే పెట్టాలె. థూ, ఇదేం బతుకురా. దాన్ని తరుమరాదు?"

"తరిమిన. రోడ్డు దాంక పోయి మల్ల నా కాడికే వచ్చి పండుకుంటది."

"నిన్ను నమ్మి వస్తది. నువ్వేమో..."

"గుడ్డ, చిన్నమ్మా."

"జీన్ పాయింటు కోసుకున్నవు కద?"

"అది మందం. గోలీ సగంల ఇరికింది. గుంజి తీసేవరకు పానం పోయింది. మందు పోసినంక గట్ల ఇరికితే గొట్టమే పలుగుతది."

"మరి అర్బాబు తొడిగే పొడుగంగీ, ఆ పాత దిష్‌దాషా ముక్క?"

"అది సరిగ్గ పట్టింది. బోర్లిచ్చి ఊపినా గోలీ కదల్లేదు."

"సరిగ్గ పట్టినంక ఇంకేంది? మల్ల నా గుడ్డెందుకు?"

"అది వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దంటున్న కద."

"కుక్కను చంపేటందుకు గుడ్డలు ఏరుతున్నవు, పెండ్లికి చీరెలు ఏరినట్టు. మీ అవ్వకు ఫోన్ చేసి చెప్త."

"చెప్పు. ముందుగాల నీ నెత్తికి కట్టిన స్కార్ఫ్ ఇయ్యి. గసొంటి పల్చటిదే కావాలె."

"చస్తే ఇయ్య. నా గుడ్డతోని దాని పానం తీయనియ్య."

"మెల్లగ మాట్లాడు. అర్బాబు వస్తుండు."

"రానియ్యి. ఆయన్నే అడుగుత, సరిగ్గ పట్టే గుడ్డ ఉండంగ నీకు పల్చటిదెందుకో."

"అడుగకు చిన్నమ్మా, నీ కాల్మొక్త. కుక్క నేల మీద పండుకుంటది. కాల్వాలంటే తుపాకి మూతి కిందికి వంచాలె. గుడ్డ పల్చగుంటే, వంచంగనే గోలీ జారి ఇసుకల పడ్తది. ఉత్త సప్పుడే అయితది."