గులాబీ కుండీలో చీమలు

బాల్కనీలోని గులాబీ కుండీకి చీమలు బారులు తీరాయి. ఆవిడ పుల్లతో మట్టి కెలికి చూసి, భర్తను పిలిచింది.

"గాలికి కూర్చుని తింటానని రోజూ గిన్నె ఇక్కడికి తెచ్చేది ఇందుకా?"

"గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అదే బాదంపాల పుడ్డింగు, పంచదార బదులు అదే ఖర్జూరం. గొంతు దిగడం లేదే."

"బాగుందనేవారుగా."

"నువ్వు కష్టపడి చేస్తున్నావని."

"నిన్నటిది కూడా ఇందులోనేనా?"

"ఆఁ."

"రుచైనా చూడలేదా?"

"రోజూ తెలిసిన రుచేగా."

"నిన్న మన పెళ్ళిరోజు. పాపం నోరు చచ్చిపోయి ఉంటుంది, ఒక్కరోజుకి ఏమీ కాదులే అని, చిక్కటి పాలూ పంచదారా వేసి చేశాను."

ఆయన కుండీ మీదికి వంగి చూశాడు.

"వండిన గిన్నెలో కొంచెమైనా మిగిలిందా?"

"కుండీలో ఉంది. చీమల్ని అడిగి తీసుకోండి."