పాత కంప్యూటరుకు వేసిన కార్డు సంగతి

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. డ్యూటీ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. అడిగిన దానికే జవాబు చెప్పమన్నారు. అడగనివి కూడా కొన్ని చెబుతాను. అవి చెప్పకపోతే నేను చేసింది దొంగతనంలాగే కనబడుతుంది.

ఆ కంప్యూటరు మా అల్లుడిది. ఆఫీసు పనికి వాడుకుని, కొత్తది కొన్నాక మాకిచ్చాడు. దాంట్లో మా ఆయన పాటలు వింటారు. నేను లారీ తోలే ఆట ఆడతాను. నవ్వుకుంటే నవ్వుకోండి. రోజంతా తెల్ల దుప్పట్లు చూసే మనిషికి కాసేపు రోడ్డు చూడాలనిపిస్తుంది. కానీ ఆ డబ్బాలో ఆట నత్తి పట్టినట్టు నడిచేది. మలుపు దగ్గర బొమ్మ బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి నా లారీ కాలవలో ఉండేది.

కొత్తది కొనే తాహతు మాకు లేదు. పాత కంప్యూటర్ల దుకాణంలో అడిగితే, ఇదే బాగుచేసుకోవచ్చన్నారు. మెమరీ పెంచి, పాత డిస్కు తీసి వేగంగా నడిచే కొత్తరకం డిస్కు వేశారు. ఇక వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి దొరికితే చాలన్నారు. తెర మీద బొమ్మను గీసేది ఆ కార్డేనట. అల్లుడు ఫోన్లో అమ్మకం ప్రకటనలు వెతికి ఒకటి చూపించాడు. నేనే ఫోన్ చేసి బేరమాడాను. సగానికి అడిగాను. సరేనన్నాడు. అంత తొందరగా తెగిన బేరం నేనెప్పుడూ చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కార్డు పట్టుకుని ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లుంటాయి. చొక్కా ఇస్త్రీ చక్కగా ఉంది, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. డబ్బా మూత తీసి బ్రష్షుతో దుమ్ము దులుపుతూ, ఈ దుమ్ముతో దిండు నింపొచ్చు ఆంటీ అన్నాడు. తీరా చూస్తే, మా డబ్బాలోని కరెంటు పెట్టె ఈ కార్డుకు చాలదన్నాడు. పని చెడిందనుకున్నాను. అతను కిందికెళ్లి తన సంచిలోంచి తన కరెంటు పెట్టెనే తెచ్చి బిగించాడు. దానికెంత ఇవ్వాలంటే వద్దన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్లు, మౌసు కూడా తీసి బల్ల మీద పెట్టాడు. ఇవెందుకు బాబూ అంటే, ఇంక నాకెందుకండీ అన్నాడు.

తెర వైరును కార్డుకే పెట్టాలని, పాతచోట పెడితే కార్డు ఉన్నా లేనట్టేనని చూపించాడు. ఆట పెట్టి చూశాం. నల్లేరు మీద బండి నడక అంటారే, అది ఆ రోజు చూశాను.

పాడైతే ఎవరికి చెప్పాలని అడిగాను.

"ఆదివారం లోపు పాడైతే ఫోన్ చెయ్యండి ఆంటీ. తర్వాత ఆ నంబరు పనిచెయ్యదు."

"ఊరెళ్తున్నావా?"

"లేదండి."

"నంబరు మారుస్తున్నావా?"

"లేదండి."

ఆదివారం దుకాణం మూసేస్తాం అన్నట్టుగా చెప్పాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లాడు.

మా ఆయనకు చెబితే, ఏదో ఉద్యోగం వచ్చి ఉంటుంది, లేనిపోని అనుమానాలు పెట్టుకోకన్నారు. సామాన్లన్నీ ఇచ్చేసి, ఆదివారం దాకానే లెక్కేసుకున్న పిల్లాడు నా కళ్లలోంచి పోలేదు. అతని ఇల్లెక్కడో తెలియదు, అతనికో అన్న ఉన్నాడనీ తెలియదు. అప్పుడే ఈ పోలీసు స్టేషనుకొచ్చి ఎందుకు చెప్పలేదని అధికారి గారు అడిగారు. వచ్చి ఏమని చెప్పాలండీ? ఒకబ్బాయి ఫోను ఆదివారం తర్వాత పనిచెయ్యదని ఫిర్యాదు ఇవ్వాలా? పోనీ అతన్నే అడుగుదామంటే, ముక్కూమొహం తెలియని పిల్లాణ్ణి అంత మాట అడగడానికి నోరు రాలేదు.

బుధవారం డ్యూటీ దిగి వచ్చాక నేను చేసిన పని ఇది. కంప్యూటరు ప్లగ్గు పీకాను. మూత తీశాను. దుకాణంలో వేస్తుంటే చూసిన మెమరీ పలకకు రెండు వైపులా ఉన్న క్లిప్పులు నొక్కి, పలకను పైకి లేపాను. మళ్లీ మూత పెట్టి అతనికి ఫోన్ చేశాను, అసలు మొదలవడం లేదని. వచ్చాడు, చిటికెలో సరిచేశాడు. వచ్చావు కదా అని అన్నం పెట్టాను. తిన్నాడు. గురువారం తెర వైరు మార్చి పాతచోట పెట్టాను. ఆటకు మళ్లీ నత్తి వచ్చింది. మళ్లీ వచ్చాడు. శుక్రవారం మళ్లీ మెమరీయే లేపాను, నాకు తెలిసిన విద్యలు ఆ రెండే. శనివారం ఏం పాడుచెయ్యాలో తోచక, లారీ రివర్సు రావడం లేదని ఫోన్ చేశాను. అది కంప్యూటరు తప్పు కాదు ఆంటీ అని నవ్వాడు. అతను నవ్వగా వినడం అదే మొదలు. వచ్చి నా పక్కన కూర్చుని రివర్సు నేర్పాడు.

ఆదివారం నాకు సెలవు. పొద్దున్నే ఫోన్ చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ స్విచ్చాఫ్. మా ఆయన చెప్పులేసుకుని, పద వెతుకుదాం అన్నారు, ఎక్కడ వెతకాలో ఆయనకూ తెలియదు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. పదకొండింటికి అతనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో కీబోర్డు ఉంది. ఇదొక్కటే మిగిలింది, మీకిచ్చి వెళ్దామని వచ్చానన్నాడు. నేను అందుకోలేదు. లోపలికొచ్చి కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

"ఆ క్లిప్పులు వాటంతటవి ఊడవు ఆంటీ. ఎవరో నొక్కితేనే ఊడతాయి."

"తెలిసీ ఎందుకొచ్చావు బాబూ, రోజూ?"

"మీరు పిలిచారు కదా."

అప్పుడు అడిగాను. చచ్చిపోదామనుకుంటున్నావా అని, అదే మాటతో అడిగాను. ఆ అబ్బాయి కీబోర్డు మీద అక్షరాలు చూస్తూ, అవును అన్నాడు.

తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో నేను చెప్పను. అది అతని సొంత సంగతి, అతను చెబితే రాసుకోండి. నేను మధ్యలో మాట్లాడలేదు. చివర్లో మాత్రం, మా ఆసుపత్రిలో ఇలాంటివి చూసే డాక్టరమ్మ ఉన్నారు, మేమిద్దరం తోడొస్తాం అన్నాను. అతను లేచాడు. ముగ్గురం బస్సెక్కాం. డాక్టరమ్మ అతనితో ఒంటరిగా మాట్లాడి, వార్డులో చేర్చుకున్నారు. మంచం మీద పరిచిన దుప్పటి నేను ఇస్త్రీ చేసిందే. అన్నకు తానే చెబుతానని, ఒక్క రోజు ఆగమని అతను అడిగాడు. సరేనని మాటిచ్చాను.

సాయంత్రం వాళ్ల అన్నగారు, తమ్ముడు ఇంట్లో వదిలేసిన ఫోన్లో అమ్మకం ప్రకటన, మా చిరునామా చూసి మా ఇంటికొచ్చారు. తమ్ముడెక్కడని అడిగారు. క్షేమంగా ఉన్నాడు, ఎక్కడున్నదీ రేపు చెబుతానన్నాను. మంచి మాటే అనుకున్నాను. కానీ పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు కూడా అలాగే అంటారని ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన బల్ల మీది హెడ్‌ఫోన్లు చూశారు. వాడి అమాయకత్వం చూసి ఊడ్చేశారు అన్నారు. నేరుగా ఇక్కడికొచ్చి ఫిర్యాదు ఇచ్చారు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

ఈ ఉదయం, చెప్పడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాక డాక్టరమ్మ ఇక్కడికి ఫోన్ చేశారు. ఆ తర్వాతి సంగతి మీకు తెలుసు. అన్నగారు బయట బెంచీ మీద కార్డు తాలూకు ఖాళీ అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అది తమ్ముడికి ఆయనే కొనిచ్చారట. కార్డు, మిగతా సామాన్లు అన్నీ పట్టుకెళ్లమని చెప్పాను. ఆయన, రాత్రి వాడు అన్నం తిన్నాడా అక్కా అని మాత్రం అడిగారు. పొద్దున వార్డులో కనుక్కున్నాను కాబట్టి, తిన్నాడని చెప్పాను.

నేను ఆ అబ్బాయిని మోసం చెయ్యలేదు. పనిచేస్తున్న కంప్యూటరు పాడైందని అబద్ధాలు మాత్రం చెప్పాను. అవి ఒప్పుకుంటున్నాను.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించారు. ఒకచోట "మతిస్థిమితం లేని యువకుడు" అని ఉంది. అది ఫిర్యాదులోని మాట, నా మాట కాదు. కొట్టేయమన్నాను, కొట్టేశారు. దాని పైన "కంప్యూటరు బాగుచేసిన అబ్బాయి" అని రాయించి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి, కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం)